పచ్చళ్ల పెట్టెలో పెట్టిన ఉత్తరం

చిన్నోడికి, అమ్మ దీవించి రాయునది.

పచ్చళ్లు ఆర్టీసీ కార్గోలో వేయించాను. ఉసిరికాయ జాడీ మూత వదులైంది, గుడ్డ కట్టాను, నిలువుగానే దించుకో. సున్నుండలు అడుగున ఉన్నాయి. ఆఫీసు నుంచి రాగానే రెండు తిను. కడుపు ఖాళీగా ఉన్నప్పుడే మనసు తాగుడు వైపు లాగుతుందని నువ్వే చెప్పావు గదా.

ఎర్రావు ఈనింది, పెయ్యదూడ. జున్ను దారిలో పాడవుతుందని పంపలేదు. మీ నాయనకు మోకాలి నొప్పి తగ్గింది. చిట్టత్త కొడుకు రిసెప్షన్‌కి నువ్వయినా వెళ్లావు, మంచిపని చేశావు. అప్పట్నుంచీ నీ ఫోన్ లేదు, 11 రోజులు. పనుల్లో ఉంటావులే.

పెద్దక్క ఒక మాట అంది. ఆ రిసెప్షన్ హాలు సెల్లారులో కార్ల వెనక కుర్రాళ్లు తాగుతున్న చోట నిన్ను చూశారంట, చేతిలో గ్లాసుందంట. కూల్‌డ్రింకే అయ్యుంటుంది అన్నాను. ఫోన్ పెట్టేశాక పొయ్యి మీద పాలు పొంగి మాడిన వాసన వచ్చేదాకా నాకు తెలియలేదు.

1992లో మన నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించారని విని, మా వీధి వాళ్లమూ చీపుళ్లు పట్టుకుని కదిలాం. మరుసటేడు సారా ఆపేశారు, 1995లో మొత్తం మద్యమే నిషేధం అన్నారు, 1997లో మళ్లీ తెరిచారు. అన్నేళ్లూ మీ నాయనకు ఎక్కడో ఒకచోట దొరుకుతూనే ఉంది. కొట్టు మూస్తే తాగుడు పోతుందనుకున్నాను నేను.

నువ్వు ఆరో తరగతిలో ఉండగా మీ నాయన్ని అర్ధరాత్రి ఆసుపత్రికి తీసుకుపోయాం, గుర్తుందా? గుండెనొప్పని నీకు చెప్పాం. కాదు అబ్బయా. మందుల షాపాయన ఒకడు చీటీ లేకుండా తెల్లబిళ్లలిచ్చాడు. ఆయనకు తెలియకుండా కూరలో కలుపు, తాగితే పడక తనే మానేస్తాడు అన్నాడు. రోజుకొకటి నూరి పప్పుచారులో కలిపాను. అయిదో రోజు తాగొచ్చాడు. మొహం, మెడ ఎర్రగా కందిపోయాయి, ఒకటే వాంతులు, ఊపిరందక అరుగు మీద కూలబడ్డాడు. డాక్టరమ్మ అడిగితే కొంగు ముడి విప్పి బిళ్లలు చూపించాను. "ఇది డైసల్ఫిరామ్. మనిషికి చెప్పి, ఒప్పించి, పరీక్షలు చేసి ఇచ్చే మందు. ఆపేశాక కూడా రెండు వారాలు ఒంట్లో పనిచేస్తుంది, దగ్గుమందులో ఆల్కహాలు ఉన్నా తగులుకుంటుంది. చంపేసేదానివి" అంది. మంచం మీద మీ నాయన అంతా విన్నాడు. మూడు నెలలు నా చేతి కూడు తినలేదు. మీ నాయనమ్మ వండితేనే ముట్టాడు. తాగుడు ఇంకా ఎక్కువైంది.

ఆ తర్వాత ఒకసారి పంతం పట్టి ఒక్కసారిగా ఆపాడు. మూడో రోజుకి చేతులు వణికి, గోడ మీద పాములున్నాయని కేకలు. అలా ఉన్నపళాన ఆపడమూ ప్రాణానికి ముప్పేనని అప్పుడు తెలిసింది. బీ1 ఇంజెక్షన్లు చేసి, నిద్రకు మందులిచ్చి, వారం ఉంచుకున్నారు. ఈసారి డాక్టరమ్మ అదే బిళ్ల మీ నాయన చేతిలోనే పెట్టింది. పొద్దున్నే వంటింటి గడపలో నిలబడి, అరచేతిలో బిళ్ల నాకు చూపించి, నోట్లో వేసుకుని చెంబెడు నీళ్లు తాగేవాడు. ఏడాదిన్నర అట్లాగే. మధ్యలో రెండుసార్లు బిళ్ల మానేసి తాగాడు. మొదటిసారి దాచాడు. రెండోసారి తనే వచ్చి, నా మొహం చూడకుండా, "నిన్న తాగానే" అన్నాడు. ఆ రోజు గడప మీద కూర్చుని ఏడ్చాను, సంతోషంతో.

తాగకుండా ఆరు నెలలు నిండాయని, తాగుడు మానేవాళ్ల మీటింగులో ఇచ్చిన పతకం ఫొటో పంపావే, దాన్ని మీ నాయన రోజూ తీసి చూస్తాడు. మళ్లీ ఒకటో రోజు నుంచి లెక్కపెట్టాలని సిగ్గుపడి మొహం చాటేస్తున్నావా? ఆ ఆరు నెలలూ, ఆ పైన గడిపిన నెలా ఎక్కడికీ పోవు. నాకు చెయ్యకపోయినా మీటింగుల్లో నీకు తోడుండే స్పాన్సరుకి ఫోన్ చెయ్యి. ఆదివారం మీటింగు మానకు. ఈ 11 రోజులూ తాగుతూనే ఉంటే మాత్రం, నీకు దండం పెడతాను, గదిలో ఒక్కడివే కూర్చుని ఆపకు, డాక్టరు దగ్గరికి పో. అర్ధరాత్రి మనసు బాగలేకపోతే సర్కారు హెల్ప్‌లైను 14416కి చెయ్యి, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు పడదు. తాగలేదా, అయితే ఇదంతా చించి పారేసి నన్ను నాలుగు తిట్టు. ఫోన్ చేసి తిట్టు.

ఉపన్యాసం చెప్పకూడదనే మొదలుపెట్టాను నాయనా.

శుక్రవారం రాత్రి కావలిలో సింహపురి రైలు ఎక్కుతున్నాం. మీ నాయన నన్ను అడక్కుండానే రెండు టికెట్లు తీశాడు. తెల్లారేసరికి దిగుతాం, నువ్వు నిద్ర చెడగొట్టుకుని స్టేషన్‌కు రావద్దు. తాళం చెవి కిందింటి వాళ్ల దగ్గర పెట్టు. బియ్యం ఉన్నాయో లేవో చూసుకో, లేకపోతే తెస్తాం.

మీ అమ్మ