అమ్ములుకు ఉత్తరం: దారం గుర్తు ఉన్న అక్షరాలు

నగోయాలో ఉన్న అమ్ములుకు,

అమ్మ ఆశీస్సులు. నాన్న, నేను కులాసా.

నీ నోటు పుస్తకం ఫోటో చూశాను. జపాన్ భాషలో వాడే చైనా అక్షరాలలో ఎడమ పక్క దారం గుర్తు వచ్చేవన్నీ ఒకేలా కనిపిస్తున్నాయనీ, రాత్రి వల్లె వేసినవి తెల్లవారేసరికి ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయనీ రాశావు. డిసెంబరులో జరిగే జపాన్ భాష పరీక్షకు ఇంకా వ్యవధి ఉంది. ఆ వల్లెవేత కొన్నాళ్ళు ఆపి ఈ ఉత్తరం తీరిగ్గా చదువు. బట్టకు సంబంధించిన అక్షరాలు చైనా లిపిలో ఒక పెద్ద కుటుంబం. జపాన్ ఆ కుటుంబాన్ని తెచ్చుకుని తన పేర్లు కూడా పెట్టుకుంది, అందుకే చాలా అక్షరాలకు చైనా నుంచి వచ్చిన పలుకొకటి, జపాన్ పలుకొకటి ఉంటాయి. నేను అనువాదాలు చేసినన్నాళ్ళూ నన్ను విసుగు లేకుండా కూర్చోబెట్టింది ఆ కుటుంబమే. అది నీకు శిక్షలా తోచడం నాకు బాధగా ఉంది.

అక్షరాలను ఇక్కడ గీయడం లేదు, జపాన్‌లో వాటిని పలికే తీరు మాత్రం రాస్తున్నాను. ఒక్కొక్కటీ నిఘంటువులో వెతికి నీ చేత్తో రాసుకో.

బట్టల కుటుంబానికి ముఖ్యంగా మూడు మూలాలు, అంటే అక్షరం ఏ వర్గానిదో చెప్పే గుర్తులు. మొదటిది ఇతో, దారం. మెలితిప్పిన పట్టు చిలప బొమ్మ అది. రెండోది కొరొమో, వస్త్రం. పైన మెడపట్టీ, కింద ఒకదాని మీద ఒకటి మడిచిన అంచులు కనిపిస్తాయి. మూడోది వేలాడే గుడ్డముక్క, మూడే గీతలు. 1716లో కాంగ్‌షీ చక్రవర్తి వేయించిన నిఘంటువు అక్షరాలన్నిటినీ 214 మూలాల కింద సర్దింది. అందులో గుడ్డముక్క 50వది, దారం 120వది, వస్త్రం 145వది. ఈ మూడూ తెలిస్తే ఒక కొత్త అక్షరం ఏ ఇంటిదో చూడగానే తెలుస్తుంది.

ఇక నీ అసలు ఇబ్బంది దగ్గరికి వస్తాను. ప్రతి అక్షరానికీ ఒక కథ అల్లి గుర్తుపెట్టుకోమని చెప్పే పుస్తకాలు ఉన్నాయి. నీ నోటు పుస్తకం చూస్తే నువ్వూ అలాంటిదే చదువుతున్నావని తెలుస్తోంది. గీతకు వాడే సెన్ అక్షరంలో దారం పక్కన నీటి ఊట ఉంది కాబట్టి "ఊట నుంచి దారంలా సాగే నీరు" అని రాసుకున్నావు. అందంగా ఉంది, కానీ నిజం కాదు. నీటి ఊట అక్షరాన్ని కూడా సెన్ అనే పలుకుతారు. అది అక్కడ నిలబడింది పలుకు చెప్పడానికి, అర్థం చెప్పడానికి కాదు. చైనా లిపిలో అత్యధిక భాగం అక్షరాలు ఇలా కట్టినవే. ఒక పక్క ఇల్లు చెబుతుంది, ఇంకో పక్క పలుకు చెబుతుంది. ఎర్రటి రంగుకు వాడే కో అక్షరంలో దారం పక్కన ఉన్నది పనితనం అనే అర్థమున్న కో. కాగితం అక్షరాన్ని షి అని కూడా పలుకుతారు కదా, దాని కుడి పక్కన ఉన్నది వంశం అనే అర్థమున్న షి. కుడి పక్క పలుకును పట్టుకుంటే నీకు కలిసిపోతున్నవి వాటంతట అవే విడిపోతాయి. కథలు అల్లితే కథలు కూడా గుర్తుపెట్టుకోవాలి.

కథ ఉన్న చోట మాత్రం దాన్ని వదలవద్దు. రంగుల సంగతే చూడు. ఎరుపు బెని, ఆకుపచ్చ మిదోరి, ఊదా మురసాకి, ముదురు నీలం కొన్, అన్నిటిలోనూ దారం ఎందుకుంది? క్రీ.శ. 100 ప్రాంతంలో షు షెన్ అనే పండితుడు తొమ్మిది వేలకు పైగా అక్షరాలకు నిఘంటువు కట్టాడు. ఎరుపు అక్షరానికి ఆయన ఇచ్చిన అర్థం "ఎరుపు, తెలుపు కలిసిన రంగు పట్టు". ఆకుపచ్చకు, ఊదాకు కూడా అదే పద్ధతి: ఫలానా రంగు పట్టు. ఆ పేర్లు పెట్టినవాళ్ళ కళ్ళ ముందు రంగు అంటే అద్దకం వేసి ఆరబెట్టిన పట్టు. కాగితం అక్షరంలో దారం ఉన్నదీ ఇలాంటి కారణంతోనే. కాగితం కన్నా ముందు పట్టు మీద రాసేవారు. చెట్టు బెరడు, జనపనార, పాత గుడ్డపీలికలు, చేపల వలలు దంచి చేసిన కాగితాన్ని త్సాయ్ లున్ అనే రాజోద్యోగి క్రీ.శ. 105లో చక్రవర్తికి సమర్పించాడు. ఆ కాగితంలోనూ పాత గుడ్డే ఉంది చూడు.

నువ్వు రోజూ వాడే రెన్‌షూ, అభ్యాసం అనే మాటలోని మొదటి అక్షరం నాకు మరీ ఇష్టం. అది పట్టును ఉడకబెట్టే పని. పట్టుగూడు నుంచి తీసిన ముడి పట్టుకు జిగురు అంటుకుని ఉంటుంది, దారం బిరుసుగా, కాంతి లేకుండా ఉంటుంది. బూడిద నీళ్ళలో ఉడికిస్తే ఆ జిగురు వదిలి, దారం మెత్తబడి మెరుపు తేలుతుంది. బరువులో అయిదో వంతో, నాలుగో వంతో పోతుంది. ఆ పనికి పెట్టిన అక్షరమే మనిషి సాధనకు వచ్చింది. జపాన్‌లో ఇప్పుడు రాసే రూపంలో దాని కుడి పక్క తూర్పు దిక్కు అక్షరంలా కనిపిస్తుంది. తూర్పుతో దానికి ఏ సంబంధమూ లేదు. అక్కడ ఉండేది వేరే అక్షరం, లిపి సరళం చేసినప్పుడు అలా మారింది. నీ పుస్తకం దీనికి ఏ కథ అల్లిందో చూడాలని ఉంది.

హజిమె, మొదలు. ఎడమ పక్క వస్త్రం, కుడి పక్క కత్తి. బట్ట కుట్టడానికి మొదటి పని గుడ్డను కోయడమే అని షు షెన్ రాశాడు. ఇది అల్లిన కథ కాదు, ఆ అక్షరానికి ఉన్నదే ఆ అర్థం. దీన్ని రాసేటప్పుడు వస్త్రానికి పడే అయిదో గీతను మరచిపోకు. ఆ చిన్న చుక్క లేకపోతే అది పూజకు, దేవుడికి సంబంధించిన గుర్తు అయిపోతుంది. పక్క పక్కనే పోల్చి రాసుకో. కోర్టు విచారణకు వాడే సైబాన్ మాటలోనూ మొదటి అక్షరం గుడ్డ కత్తిరించడమే, కుట్టుపనిని సైహో అంటారు కదా. ఇంకా ఉన్నాయి: లోపలి వైపు ఉరా, బయటి వైపు ఒమొతె, అతుకు వేయడం, ఒకటికి రెండు పొరలు. అవి నువ్వే చూసుకోగలవు.

ఇప్పుడు నేను తీరిగ్గా చెప్పాలనుకున్నది. తాతయ్య మగ్గం ముందు కూర్చుని పడుగు, పేక అన్న మాటలు విన్నదానివి. మగ్గం మీద నిలువుగా బిగించి ఉండేది పడుగు, అడ్డంగా నాడెతో వచ్చి పోయేది పేక. పడుగుకు జపాన్‌లో తతె-ఇతో అంటారు, పేకకు యొకొ-ఇతో. పడుగుకు రాసే అక్షరంలో దారం పక్కన ఉన్నది, పాత రూపంలో చూస్తే, మగ్గం మీద బిగించిన నిలువు పోగులు. దానికి ఇంకో పలుకు కెయి. భూగోళం మీద ఉత్తర దక్షిణాలుగా గీసే రేఖాంశం కెయిదో, అడ్డంగా గీసే అక్షాంశం ఇదో. భూమి మొత్తానికీ పడుగు, పేక వేశారన్నమాట. ఒక సంగతి పూర్వాపరాలన్నీ చెప్పాలంటే ఆ రెండు అక్షరాలనూ కలిపి కెయి-ఇ అంటారు. అనుభవం కెయికెన్, ఆర్థిక వ్యవస్థ కెయిజై. అన్నిటిలోనూ ముందున్నది పడుగే.

పేక వస్తుంది, పోతుంది. పడుగు కదలకుండా మొదటి నుంచి చివరి దాకా ఉంటుంది. అందుకే చైనాలో ప్రామాణిక గ్రంథాలకు ఆ అక్షరమే వాడారు. బౌద్ధ గ్రంథాలు సంస్కృతం నుంచి చైనాకు వెళ్ళినప్పుడు సూత్రం అనే మాటకు అనువాదకులు ఎంచుకున్నదీ అదే. సూత్రం అంటే మనకు దారం, మంగళసూత్రంలో ఉన్నదీ ఆ దారమే. నగోయాలో ఏ బౌద్ధాలయానికి వెళ్ళినా భిక్షువులు చదివే సూత్రాలను ఒక్యో అంటారు, అందులో ఉన్నదీ అదే అక్షరం. మన దారం వాళ్ళ పడుగు అయ్యింది. ఒక అనువాదకురాలిగా ఇంతకన్నా సరైన ఎంపిక నేను ఎక్కడా చూడలేదు.

మనవడు, మనవరాలు అనే అర్థమున్న మగో అక్షరాన్ని కూడా వెతుకు. ఎడమ పక్క బిడ్డ, కుడి పక్క వరసగా సాగే దారం. మన సంతానం, సంతతి, తంతువు కూడా సాగదీయడం అనే ఒకే ధాతువు నుంచి వచ్చినవి. తాతయ్యకు ఈ సంగతి చెబితే మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నారు.

నువ్వు ఉన్న ఊరు ఈ అక్షరాలకు మంచి బడి. నగోయా స్టేషనుకు దగ్గర్లోనే పాత నేత మిల్లు స్థలంలో టొయోటా వాళ్ళ పరిశ్రమల మ్యూజియం ఉంది. టొయోటా కార్లకన్నా ముందు మగ్గాలు చేసేది. ఆ సంస్థలకు మూలపురుషుడైన సాకిచి టొయోదా 1924లో పూర్తి చేసిన ఆటోమేటిక్ మగ్గం, పని ఆపకుండానే నాడెను మార్చుకుంటుంది. 1926లో పెట్టిన కంపెనీ పేరులో మగ్గం అనే మాట ఇప్పటికీ ఉంది, టొయోటా జిదో షొక్కి. ఆ చివరి అక్షరాన్ని హత అని పలికితే మగ్గం, కి అని పలికితే యంత్రం. విమానానికి హికోకి అంటారు, అందులోని కి కూడా ఇదే. మగ్గానికీ విమానానికీ ఒకే అక్షరం సరిపోయిన దేశంలో మగ్గాల కంపెనీ నుంచి కార్ల కంపెనీ పుట్టడం నాకు వింతగా అనిపించదు.

ఒక ఆదివారం నిషియో కూడా వెళ్ళిరా, మెయితెత్సు రైలు ఉంది. 799లో నిషియో ఉన్న మికావా తీరానికి ఒక చిన్న పడవలో ఒక యువకుడు కొట్టుకువచ్చాడని జపాన్ రాజచరిత్రలో ఉంది. మాట నేర్చుకున్నాక తనది తెన్‌జికు, అంటే భారతదేశం, అని చెప్పాడు. అతని దగ్గర పత్తి గింజలు ఉన్నాయి. మరుసటి ఏడు వాటిని దక్షిణ, పడమటి రాష్ట్రాలలో నాటించారు. ఆ పంట నిలవలేదు, పత్తి సాగు జపాన్‌లో కుదురుకోవడానికి ఇంకా కొన్ని వందల ఏళ్ళు పట్టింది. అయినా అతన్ని పత్తి దేవుడిగా కొలిచే గుడి నిషియోలో ఉంది. అక్కడ పత్తికి వాడే వత అక్షరం చూస్తావు. దారం, దాని పక్కన తెలుపు, కింద గుడ్డముక్క. అది మొదట పట్టు దూదికి పెట్టిన అక్షరం. చైనావాళ్ళు పత్తికి మాత్రం దారం తీసేసి చెట్టు గుర్తు పెట్టుకున్నారు. జపాన్ దారాన్నే ఉంచుకుంది. గుడిలో పూజారి చేతిలో తెల్లటి మడతల కాగితం కట్టిన కర్ర ఉంటే అది గొహెయి. ఒకప్పుడు అక్కడ కాగితం బదులు బట్ట ఉండేది. దాని చివరి అక్షరం కింద మూడు గీతల గుడ్డముక్క ఉంది చూడు. డబ్బుకు వాడే కహెయి మాటలో ఉన్నదీ అదే, దేవుడికీ రాజుకూ బట్టే కానుకగా ఇచ్చిన కాలం నాటిది.

పదిహేడో శతాబ్దంలో డచ్చివాళ్ళ ఓడలు మన కోరమండల్ తీరపు బట్టలను నాగసాకికి చేర్చాయి. బందరులోనూ వాళ్ళకు వర్తక స్థావరం ఉండేది. అద్దకం వేసిన ఆ నూలు బట్టలను జపాన్‌వాళ్ళు సరసా అన్నారు, తేనీటి వేడుకలో వాడే విలువైన పాత్రలకు వాటితో సంచులు కుట్టించుకున్నారు. చారల బట్టలకు షిమా అన్న పేరు, ద్వీపాల నుంచి వచ్చిన సరుకు కావడం వల్ల వచ్చిందంటారు. షిమా అంటే ద్వీపం కదా. దానికి చైనాలో తెల్లని పట్టు అనే అర్థమున్న దారపు అక్షరాన్ని తెచ్చి చారలకు పెట్టుకున్నారు. మద్రాసులోని శాంథోమ్ పేరుతో సంతొమె షిమా అనే రకం ఉండేది. ఇదంతా పరీక్షలో రాదు. కానీ మన తీరపు నేతగాళ్ళ పని అక్కడివాళ్ళ సంచులకూ దుస్తులకూ చేరిందని నీకు తెలియాలి.

ఈ వారానికి నీ పని ఇదీ. దారం గుర్తు ఉన్న అక్షరాలలో కుడి పక్క పలుకు ఒకేలా ఉన్నవి జతలుగా ఏరి రాయి, అర్థాలు తరవాత. ఆ కథల పుస్తకం ఎవరికైనా ఇచ్చేయి. మ్యూజియానికి వెళ్ళినప్పుడు మగ్గం నడిపి చూపించేవాళ్ళను అక్కడి బట్టకు అంగుళానికి పడుగు పోగులు ఎన్ని వేస్తారో అడుగు. తాతయ్య ఆ సంగతి కోసం ఎదురుచూస్తున్నారు, జపాన్ మాటల్లో అడిగి తెలుగులో రాయి. పరీక్ష ఫీజు గడువు చూసుకో. చలికోటు కొన్నావా లేదా చెప్పలేదు.

ప్రేమతో,
అమ్మ