సంచిలో కథ పెట్టుకుని సభకు వెళ్లండి

ఎడిటర్ గారికి,

రచయితల సభలంటే శాలువాలు, దండలు, గంట ఆలస్యంగా మొదలయ్యే ఉపన్యాసాలు తప్ప ఇంకేముంటాయని కొందరు తీసిపారేస్తుంటారు. శాలువాల సంగతి నిజమే అనుకోండి, కానీ కొత్తగా రాస్తున్న పిల్లల్ని అటు వెళ్లొద్దనడం మాత్రం అన్యాయం. మా తెనాలిలో 1943లోనే అభ్యుదయ రచయితల సంఘం తొలి మహాసభ జరిగింది. అప్పుడంటే వేరే దారి లేదు, ఇప్పుడు వాట్సాప్ గ్రూపులున్నాయి కదా అంటారు. ఉన్నాయి, కథ పెడితే చప్పట్ల బొమ్మలు కూడా బోలెడు వస్తాయి. ఎక్కడ చెడిందో చెప్పేవాళ్లే ఉండరు.

ఓ సభలో భోజనాలయ్యాక ఒక సీనియర్ రచయిత్రి నా కథ చదివి, మొదటి పేజీ మొత్తం పెన్సిల్‌తో కొట్టేశారు. "ఆ పిల్ల బస్సు దిగి, తాళం వేసున్న పుట్టింటిని చూసింది కదమ్మా, కథ అక్కడ మొదలైంది. పైనున్న వానా మబ్బులూ నీ ముచ్చట" అన్నారు. ముఖం మాడిపోయింది కానీ ఆ మాట నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

ఇక పుస్తకం వేసుకోవడం దగ్గరికొస్తే కొత్తవాళ్లు నిలువునా మోసపోతున్నారు. ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య) ఇప్పిస్తామని విడిగా డబ్బులు గుంజేవాళ్లున్నారు, అది మన దేశంలో ఉచితం, ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకుంటే కేంద్ర ప్రభుత్వ సంస్థే ఇస్తుంది. మామూలుగా ఫారానికి (అచ్చువేసి మడిచే ఒక పెద్ద కాగితానికి) 16 పేజీల లెక్కన అచ్చవుతుంది కాబట్టి 130 పేజీలొస్తే రెండు తగ్గించుకుని 128కి సర్దుకోవడం మంచిదని, అమ్మకాలకు ఇచ్చిన పుస్తకాల మీద షాపువాళ్లకు కమిషన్ పోతుందని, ఇవన్నీ సొంతంగా పుస్తకం వేసి చేతులు కాల్చుకున్నవాళ్లు పక్కన కూర్చుని చెబితేనే తెలుస్తాయి, వేదిక మీద ఎవరూ చెప్పరు.

2017లో హైదరాబాద్‌లో ప్రపంచ తెలుగు మహాసభలు, 2019లో విజయవాడలో ప్రపంచ తెలుగు రచయితల మహాసభలు ఎంత ఘనంగా జరిగాయో చూశాం. అంత పెద్దవే అక్కర్లేదు. జిల్లా స్థాయి సభ పెట్టేవాళ్లు కూడా సన్మానాల్లోంచి ఒక పూట తీసి, ఓ గదిలో నాలుగు బల్లలు వేసి, ముందుగానే తెప్పించుకున్న కొత్తవాళ్ల కథల్ని పెద్దవాళ్ల చేత చదివించి మాట్లాడిస్తే బాగుంటుంది. మీ ఆదివారం అనుబంధానికి కథలు ఎంపిక చేసేవారిని కూడా పంపండి, కథలు ఎందుకు తిరిగొస్తున్నాయో వాళ్ల నోటే వినాలని ఉంది.

- ఓ కథా రచయిత్రి, తెనాలి