"భయమైతే రాయి పట్టుకో" అని నేర్పిన ఊళ్ల నుంచి: ద్వీపాల పర్యాటక బాధ్యతలు చూసే అధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

నమస్కారం. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి అండమాన్ పోయేవాళ్లకు బయల్దేరే ముందు ఈత, మాస్కు, గొట్టంతో ఊపిరి తీసుకోవడం నేర్పేవాళ్లం మేము. పగడపు దిబ్బల మీద స్నార్కెలింగ్ (ముఖం నీళ్లలో ముంచి, గొట్టంతో ఊపిరి తీస్తూ తేలి చూడటం) చేయించే ముందు పడవల మీద చెప్పే సూచనలు తెలుగులో కూడా ఉండాలని, ఇసుక నేల మీద కాసేపు సాధన చేయించాలని ఇదివరకే విన్నవించుకున్నాం. జవాబు రాలేదు. ఏ పడవనో, ఏ కార్యాలయాన్నో వేలెత్తి చూపడానికి ఈ లేఖ రాయడం లేదు. కాళ్ల కింద పగడం విరుగుతోంది, అది ఆగాలి, అంతే.

అండమాన్‌లో వండూరు దగ్గరి మహాత్మా గాంధీ సముద్ర జాతీయ ఉద్యానం 1983 నుంచి ఉంది. జాలీబాయ్, రెడ్‌స్కిన్ దీవులను రుతువును బట్టి ఒకటి తెరిచి ఒకటి మూస్తారు. నీళ్ల బాటిల్‌కు డిపాజిట్ కట్టించుకుని, తిరిగి చూపిస్తేనే డబ్బు ఇస్తారు. ఇవి మంచి నియమాలు, మేము మా వాళ్లకు గర్వంగా చెబుతాం. ఒక్క బాటిల్‌ను అంత పట్టుగా లెక్కపెట్టగలిగినప్పుడు, నీళ్లలో దిగే మనిషికి అరగంట నేర్పడం ఎందుకు కుదరదు?

మా దిక్కు సముద్రం లేదు. ఇక్కడి ఈత వ్యవసాయ బావిలోనో చెరువులోనో వచ్చిన ఈత. తల పైకెత్తి, ఒళ్లు నిలువుగా పెట్టి కాళ్లాడించే ఈత. నడుముకు బెండ్లు కట్టి పిల్లలను బావిలోకి దింపేటప్పుడు పెద్దవాళ్లు చెప్పే మొదటి మాట "భయమైతే రాయి పట్టుకో". దమ్ము అయిపోతే గోడ రాయి మీద కాలు ఆనించి నిలబడాలి. ఆ అలవాటు ఒంట్లో ఇంకిపోయి ఉంటుంది. సముద్రంలో కాలికి గట్టిగా తగిలేది కూడా వాళ్లకు రాయే. దాని పైపొర నిండా ప్రాణులున్నాయని ఎవరైనా చెబితే కదా తెలిసేది! కొమ్ముల్లా పెరిగే ఆక్రోపోరా అనే పగడం ఏడాదికి సుమారు 10 సెంటీమీటర్లు పెరుగుతుంది. ఒక్క అడుగు పడితే పుటుక్కున విరుగుతుంది. గుండ్రటి బండలా పెరిగే పోరైటిస్ అనే పగడం ఏడాదికి ఇంచుమించు ఒక్క సెంటీమీటరే పెరుగుతుంది. అంటే మీటరు ఎత్తున్న బండ మన తాతల తాతల కాలం నాటిది. దాని మీద నిలబడి ఫొటో దిగుతున్నారు సారూ.

నిలబడేది పొగరుతో కాదు, భయంతో. ఆ భయం ఎక్కడ మొదలవుతుందో ఒక్కొక్కటిగా చెబుతాం, దయచేసి ఓపికగా చదవండి.

బుట్టలోంచి చేతికందిన మాస్కు ఇస్తారు. అది ముఖానికి సరిపోతుందో లేదో చూడటానికి పట్టుమని పది సెకన్లు చాలు. పట్టీ వేయకుండా ముఖానికి ఆనించి, ముక్కుతో గాలి పీల్చితే అతుక్కుని నిలవాలి. జారితే ఇంకొకటి తీసుకోవాలి. మా మగవాళ్లలో మీసాలు ఎక్కువ. మాస్కు కింది అంచు మీసం మీద కూర్చుంటే వెంట్రుకల సందుల్లోంచి నీళ్లు కారతాయి. ముక్కు కింద కొద్దిమేర మీసం కత్తిరించుకోవాలి, లేదా పలుచగా సిలికాన్ గ్రీజు రాయాలి. ఆడవాళ్లకైతే నుదుటి మీది వెంట్రుకలో, తలకు కట్టిన గుడ్డ అంచో లోపల ఇరుక్కుంటుంది. కళ్లజోడు పెట్టుకుని మాస్కు వేస్తే కాడల సందులోంచి తప్పకుండా నీళ్లొస్తాయి. ఇక నీళ్లు కారుతున్నాయని చెప్పగానే పడవ మనిషి చేసేది పట్టీ ఇంకా బిగించడం. బిగించిన కొద్దీ అంచు మడతపడి మరింత కారుతుంది. పట్టీ చెవుల పైనుంచి తల వెనక ఎత్తుగా, వదులుగానే ఉండాలి.

అట్లా కారిన నీళ్లు ముక్కు దాకా వస్తాయి. నోటితో ఊపిరి తీయాలని తెలిసినా, ముక్కుకు నీళ్లు తగలగానే కొత్తవాళ్లు ముక్కుతో పీల్చేస్తారు. దగ్గు వస్తుంది. తల ఎత్తేసరికి గొట్టం కొస నీళ్లలో మునుగుతుంది. నోట్లోకి ఉప్పునీళ్లు. ఇక కాళ్లు కిందికి పోతాయి. పడవలో ఇచ్చే మందపాటి ఫోమ్ లైఫ్ జాకెట్ మనిషిని నిలువుగా తేల్చేలా చేసింది, కాబట్టి కాళ్లు మామూలుగానే కిందికి వేలాడతాయి. ఫిన్స్ (ఈతకు పాదాలకు తొడిగే రెక్కలు) వేసుకుంటే పాదం దాటి ఇంకో మూర పొడవు ఉంటాయి, అవి ఎక్కడ తగులుతున్నాయో తొడిగినవాళ్లకు తెలియదు. విరగకపోయినా, లేచిన ఇసుక పగడం మీద పేరుకుని దాని నోళ్లు మూస్తుంది.

వీటన్నిటికీ మందు నడుం లోతు నీళ్లలో, ఇసుక నేల మీదే ఉంది. ముందు నిలబడి ముఖం మాత్రమే ముంచి పది నిమిషాలు ఊపిరి తీయించాలి. గొట్టంలోకి కావాలనే నీళ్లు పోనిచ్చి "తూ" అని ఒక్క ఊపున ఊదించాలి, ఆ తర్వాతి దమ్ము మెల్లగా తీయించాలి. మాస్కులో నీళ్లు చేరితే పై అంచు నుదుటికి నొక్కి, ముఖం కొద్దిగా పైకెత్తి ముక్కుతో ఊదించాలి. ఇవి మూడుసార్లు సరిగ్గా చేసినవాళ్లనే దిబ్బ వైపు తీసుకుపోవాలి. అన్నిటికంటే ముఖ్యం, అలిసినా భయపడినా వెల్లకిలా తిరగడం. జాకెట్ ఉంది, మునగరు. ఇది ఒంటికి అలవాటు చేస్తే కాలు రాయిని వెతకదు.

పోటు, ఆటు సంగతి కూడా చూడండి. ఆటు సమయం రోజుకు సుమారు 50 నిమిషాలు జరుగుతూ పోతుంది, పడవల సమయం మాత్రం జరగదు. దిబ్బ మీద మోకాలు లోతే ఉన్నప్పుడు ఎంత నేర్చినవాళ్లను దింపినా తగలక తప్పదు.

ఇంకొక మాట. మా జనానికి పగడం అంటే కుజదోషానికి పెట్టుకునే ఉంగరం. ఉంగరంలోది లోతు సముద్రపు ఎర్ర పగడం, దిబ్బల్లోది వేరు. అది తెలియక ఒడ్డున దొరికిన తెల్ల ముక్కను జేబులో వేసుకుంటారు. దిబ్బలు కట్టే పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయని వాళ్లకు తెలిసేది ఎప్పుడు? విమానాశ్రయంలో పెట్టె తెరిపించినప్పుడు.

2010లో, మళ్లీ 2016లో నీళ్లు వేడెక్కి అండమాన్ పగడాలు తెల్లబారాయి. సముద్రం వేడిని మీరు ఆపలేరు, మాకు తెలుసు. తేరుకుంటున్న కొమ్మ మీద పడే కాలును మాత్రం ఆపగలరు. దయచేసి ఆపండి. ఇసుక మీద అరగంట సాధన తప్పనిసరి చేయండి. ఆటుపోట్ల పట్టిక చూసి దింపండి. రకరకాల కొలతల మాస్కులు పెట్టించండి. తెలుగులో చెప్పించండి. అన్నీ ఒకేసారి కాకపోతే, తెలుగులో చెప్పించడమైనా ఈ సీజన్‌లోనే మొదలుపెట్టండి.

ఒక పేజీ సూచనలు తెలుగులో రాసి ఇదివరకటి వినతితో జతచేశాం. మీరు అడిగితే మళ్లీ పంపుతాం, పైసా అక్కర్లేదు. పేజీ అంతా పెట్టే వీలు లేకపోతే పడవ లోపల, కూర్చున్నవాళ్ల కళ్లెదురుగా, దాంట్లోని మొదటి వాక్యం ఒక్కటి పెద్ద అక్షరాలతో రాయించండి: "భయమైతే వెల్లకిలా తిరుగు, రాయి మీద కాలు పెట్టకు."

ఇట్లు,
నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ఈత శిక్షకులు