మా పాప ఏడ్చిన సాయంత్రాలలో తోడు నిలిచినవారికి కృతజ్ఞతలు

మా పాపకు నిన్నటితో నాలుగు నెలలు నిండాయి. నరసన్నపేట దగ్గరి మా ఊరి ఆశా కార్యకర్తకు, పక్కింటి పెద్దమ్మగారికి, శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో పాపను చూసిన పిల్లల డాక్టరుగారికి పదిమంది ఎదుట కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను.

పాపకు మూడో వారం వచ్చినప్పటి నుంచి దీపాలు పెట్టే వేళకు మొదలయ్యే ఏడుపు రాత్రి పది దాటినా ఆగేది కాదు. పిడికిళ్లు బిగించి, కాళ్లు పొట్టకు ముడుచుకొని, ముఖం కందిపోయేలా ఏడ్చే బిడ్డను చూసి, నా పాలు చాలడం లేదేమో, నేను తిన్నదేదో దానికి పడడం లేదేమో అనుకుంటూ చారన్నం తప్ప మరేమీ ముట్టడం మానేశాను. మావారు పని మీద చెన్నైలో ఉన్నారు. అత్తయ్య రోజూ దిష్టి తీసేవారు. ఆమె బెంగ నా బెంగకు తక్కువైనదేమీ కాదు.

ఆసుపత్రిలో కాన్పయిన బిడ్డను 42వ రోజు లోపు ఆరుసార్లు ఇంటికి వచ్చి చూడడం ఆశా కార్యకర్తల బాధ్యత. మా ఆశా అక్క ఆరోసారి వచ్చేనాటికి ఏడుపు బాగా ముదిరింది. ఆమె విధి ఆ రోజుతో తీరిపోయినా, మర్నాడు మాతో పాటు ఆటో ఎక్కి శ్రీకాకుళం వచ్చారు. డాక్టరుగారు పాపను తూచి, రోజుకు ఎన్నిసార్లు మూత్రం పోస్తోందో అడిగి, పొట్ట తడిమి చూశారు. చక్కగా పెరుగుతున్న బిడ్డ రోజుకు 3 గంటలకు పైగా, వారంలో 3 రోజులకు పైగా కారణం అంతుపట్టకుండా ఏడిస్తే దానిని కోలిక్ అంటారని, ఆరో వారం ప్రాంతంలో హెచ్చి మూడు నాలుగు నెలలకు అదే సర్దుకుంటుందని, ఇందులో తల్లి తప్పు లేదని చెప్పారు. ఆ చివరి మాట వినగానే అక్కడే ఏడ్చేశాను. జ్వరం 100.4 డిగ్రీలు ఉన్నా, ఆకుపచ్చగా వాంతి అయినా, మలంలో రక్తం కనిపించినా, పాలు తాగకపోయినా రాత్రనక తీసుకురమ్మన్నారు. ఆరు నెలల వరకు తల్లిపాలే చాలునని, వాము నీళ్లు పట్టవద్దని, తేనె అయితే ఏడాది నిండేదాకా నాకించనే కూడదని అత్తయ్యకు కూడా నెమ్మదిగా వివరించారు.

మరొక మాట కూడా చెప్పారు. "ఓపిక పూర్తిగా నశించినప్పుడు పాపను గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఐదు నిమిషాలు వాకిట్లోకి వెళ్లి రా అమ్మా. ఎంత విసుగొచ్చినా కుదపకూడదు, మెదడు దెబ్బతింటుంది." ఒక రాత్రి నా చేతులు వణికినప్పుడు ఆ మాటే మమ్మల్నిద్దరినీ కాపాడింది.

ఇక పెద్దమ్మగారి సంగతి. ఆ మర్నాటి నుంచి ఆమె రోజూ ఆరున్నరకు వచ్చి, పాపను ముంజేతి మీద బోర్లా వేసుకొని, వీపు నిమురుతూ వీధి అరుగు మీద అటూ ఇటూ నడిచేవారు. ఏడుపు ఆగిన రోజులు తక్కువే. ఆగకపోయినా ఆమె విసుక్కోలేదు, "నువ్వెళ్లి స్నానం చేసి వేడివేడిగా నాలుగు ముద్దలు తినమ్మా" అనేవారు. మందులేవీ ఇవ్వలేని ఊరట నాకు ఆ గంటలో దొరికింది.

రెండు వారాలుగా పాప సాయంత్రాలు ఏడవడం లేదు. పెద్దమ్మగారు మాత్రం ఆరున్నరకు వస్తూనే ఉన్నారు. ఆమె గొంతు వినగానే పాప గుమ్మం వైపు తల తిప్పుతోంది.