విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ: మా ఊరి పిట్టల్ని మా పిల్లలకు చూపించండి

గౌరవనీయులైన మంత్రి గారికి,

నేను కోనసీమలో ఒక ప్రభుత్వ హైస్కూలు తల్లిదండ్రుల కమిటీ సభ్యుణ్ణి. బడిలో పిల్లలకు పర్యావరణం పరిచయం చేయాల్సిన ఎకో క్లబ్ గురించి మండలంలో అర్జీ ఇచ్చాం, జిల్లాలో ఇచ్చాం. ప్రతిసారీ 'పరిష్కరించబడింది' అని ఫోనుకు మెసేజ్ వస్తోంది. ఏం పరిష్కరించారో చెప్పేవాళ్ళు లేరు. అందుకే మీకే రాస్తున్నాను.

ఈ ఎకో క్లబ్ పథకం సంగతి మీకు తెలియనిది కాదు. మా బడిలో మాత్రం జూన్ 5న, పర్యావరణ దినోత్సవం నాడు, మొక్క నాటి, పిల్లల్ని వరసగా నిలబెట్టి ఫొటో అప్‌లోడ్ చేస్తారు. మళ్ళీ ఏడాది దాకా ఆ ఊసే ఉండదు. టీచర్లను అనడం లేదండి, యాప్‌లతోనే వాళ్ళకు తెల్లారిపోతోంది.

మా అమ్మాయి ఏడో తరగతి. పెంగ్విన్ గురించి అడిగితే టకటకా చెబుతుంది. బడి ప్రహరీ అవతల, దమ్ము చేసిన చేలో వాలే నత్తగుల్ల కొంగ మాత్రం దానికి వట్టి కొంగే. ముక్కు మూసినా మధ్యలో ఆ సందేమిటో, ఆ ముక్కుతో గుల్లలోంచి నత్తను ఎలా లాగుతుందో గట్టు మీద పావుగంట నిలబెట్టి చూపిస్తే జన్మలో మరిచిపోదు. తీతువు సంగతి తలుచుకుంటే ఇంకా బాధ. అది అరిస్తే కీడని పెద్దవాళ్ళం అంటాం, పిల్లలు రాళ్ళు రువ్వుతారు. తీతువు నేల మీదే గుడ్లు పెడుతుంది. మనం దగ్గరికి వెళితే గుడ్ల కోసం ప్రాణం కొట్టుకుని అరుస్తుంది. ఈ ఒక్క ముక్క క్లాసులో చెప్పినా ఆ రాళ్ళు ఆగుతాయి కదండీ!

చేలు రొయ్యల చెరువులయ్యాక గట్ల మీది తాడిచెట్లు చాలాచోట్ల పోయాయి. వాటితోపాటే గిజిగాడి గూళ్ళూ పోయాయి. ఉన్నవైనా చూపించకపోతే, రేపు ఏం పోయిందో కూడా ఈ పిల్లలకు తెలియదు.

యానాం వంతెన దాటితే కోరంగి మడ అడవి. 1978 నుంచి అభయారణ్యం. చలికాలంలో ఉత్తరాది దేశాల నుంచి ఉల్లంకులు, అంటే బురదలో మేత ఏరుకునే చిన్న పిట్టలు, ఆ బురద నేలల మీదికి దిగుతాయి. మా పిల్లల్లో చాలామంది ఆ మడ అడవిలో అడుగే పెట్టలేదు. బస్సు అడిగితే నిధుల్లేవన్నారు. పర్యావరణం బడుల్లో తప్పనిసరిగా చెప్పాలని సుప్రీంకోర్టు 1991లోనే ఆదేశించింది కదా, ఇంకా ఎన్నాళ్ళండీ?

ఏడాదికి ఒక్క రోజు బస్సు ఇప్పించండి. మన పిట్టల బొమ్మలు, తెలుగు పేర్లతో ఒక చార్టు ప్రతి బడికీ పంపండి. టీచర్లకు కాస్త శిక్షణ, కాస్త తీరిక ఇవ్వండి. బస్సు మాత్రం సంక్రాంతి సెలవులు అవగానే కావాలి. ఆ తర్వాత పరీక్షలు వచ్చిపడతాయి, ఎండలు ముదిరేసరికి వలస పిట్టలు వెళ్ళిపోతాయి.

ఇట్లు,
కోనసీమ నుంచి ఒక తండ్రి