పెన్‌డ్రైవ్‌కి తాళం వేశారా?
అందరికీ నమస్తే. నిన్న నా పెన్‌డ్రైవ్ కనబడక గంటసేపు ఒకటే టెన్షన్. చివరికి బ్యాగు అడుగున దొరికింది. సర్టిఫికెట్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ అందులో పాస్‌వర్డ్ లేకుండానే ఉన్నాయి! ఫోల్డర్‌ని హైడ్ చేశాం కదా అనుకోకండి, అది ఎవరైనా రెండు క్లిక్కుల్లో చూసేస్తారు.

విండోస్ ప్రో ఉన్నవాళ్లు డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి, డ్రైవ్‌ని పాస్‌వర్డ్‌తో లాక్ చేసే బిట్‌లాకర్ ఆన్ చేయండి. అప్పుడు వచ్చే 48 అంకెల రికవరీ కీని (పాస్‌వర్డ్ మర్చిపోతే డ్రైవ్ తెరిచే నంబర్) వేరేచోట దాచండి. అదే డ్రైవ్‌లో పెట్టేరు సుమా! పాస్‌వర్డ్, కీ రెండూ పోతే ఫైళ్లు మనకీ దక్కవు.

హోమ్ ఎడిషన్‌లో అలా లాక్ చేసిన డ్రైవ్‌ని తెరవగలం గానీ, కొత్తగా లాక్ చేయలేం. వాళ్లకి ఇలాగే లాక్ చేసే వెరాక్రిప్ట్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, ఉచితమే. మ్యాక్, లైనక్స్‌లోనూ పనిచేస్తుంది.

మొదలుపెట్టే ముందు ఫైళ్లకి ఒక కాపీ తీసుకోండి. డౌట్ ఉంటే ఇక్కడే అడగండి, పాస్‌వర్డ్ మాత్రం ఇక్కడ రాయకండి!