దీనికి ఛార్జర్ రాలేదండి, రాదు కూడా

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి (అలాంటి మనిషి నిజంగా ఉన్నారన్న నమ్మకంతో),

ఇది నా ఐదో ఉత్తరం. మొదటి నాలుగింటికి 'మీ ఫిర్యాదు మాకు ఎంతో ముఖ్యం' అని నిమిషం తిరక్కముందే జవాబు వచ్చింది. అంత వేగంగా చదివేవాళ్లున్న కంపెనీలో ఆరు వారాలైనా నా పని ఎందుకు కాలేదో మరి.

విషయం చిన్నదే. మీ ఆన్‌లైన్ షాపులో సేఫ్టీ రేజర్ కొన్నాను. బ్లేడు బిగిస్తే ఒక పక్క ఎక్కువ, ఇంకో పక్క తక్కువ బయటికి వస్తోంది. ఒక పక్కతో గీస్తే గాటు, రెండో పక్కతో వెంట్రుక కూడా తెగదు.

మొదటిసారి ఫోన్ చేస్తే ఇరవై నిమిషాలు పాట వినిపించారు. తర్వాత ఒక అబ్బాయి లైన్లోకి వచ్చి, "సార్, ఛార్జింగ్ పెట్టి చూశారా?" అన్నాడు. బాబూ, దీనికి కరెంటుండదు, బ్లేడుంటుంది అన్నాను. "ఓహో, బ్యాటరీ మోడలా సార్?" అన్నాడు. వాడి మీద నాకు కోపం లేదు, ముందున్న కాగితంలో ఉన్నదే చదివాడు.

రెండోసారి మాట్లాడిన అమ్మాయి నాకు గడ్డం గీసుకోవడమే రాదని తేల్చేసింది. 30 డిగ్రీల వాలులో పట్టాలట, నొక్కకూడదట, వెంట్రుక పెరిగిన దిక్కుకే గీయాలట. అన్నీ నిజమే తల్లీ. రిటైరయ్యాక ఓపిగ్గా నేర్చుకున్నాను. మొదట్లో పడ్డ గాట్లు నా చేతి తప్పే, ఒప్పుకుంటాను. మా గడియారం సెంటర్ దగ్గరి సెలూన్ అతను చర్మం లాగిపట్టి కొంచెం కొంచెంగా గీయమని నేర్పాడు, పటిక ముక్క కూడా ఇచ్చాడు. ఇప్పుడు మా నాయిన పాత రేజర్‌లో అదే బ్లేడు వేసి గీస్తే ఒక్క చుక్క నెత్తురు రాదు. ఈ మాట చెబితే ఆ అమ్మాయి కాసేపు ఆగి, "సరే సార్, ఫొటో పంపండి" అంది.

ఫొటో పంపితే వీడియో అడిగారు. అదీ గడ్డం గీసుకుంటూ. మా ఆవిడ తీసింది, నవ్వు ఆపుకోలేక ఫోన్ ఊపేసింది. 'వీడియో స్పష్టంగా లేదు' అని ఫిర్యాదు మూసేశారు. మళ్లీ కొత్త నంబరు, మళ్లీ ఛార్జింగ్ దగ్గర మొదలు. రేజర్ వెనక్కి తీసుకుపోతామంటే రోజంతా ఇంట్లోనే కూర్చున్నాను. సాయంత్రానికి 'ఇంటికి తాళం ఉంది' అని మెసేజ్. పగటిపూట మా తలుపుకు గొళ్లెం కూడా పెట్టం.

మా నాయిన దేవరకొండ కిరాణా కొట్లో మీ బ్లేడ్లే కొనేవాడు. మొద్దుబారాక వాటితో మా అమ్మ గోనెసంచుల కుట్లు విప్పేది. ఆ అభిమానంతోనే ఇన్నాళ్లూ ఇంకో కంపెనీ వైపు చూడలేదు. దానికి బాగానే బుద్ధి చెప్పారు.

ప్రతిసారీ '48 గంటలు' అంటారు కదా. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల్లోనూ ఆ 48 గంటలున్నాయి, ఆలోగా ఫిర్యాదు అందిందని చెప్పాలి. నెలలోపు పరిష్కరించాలని కూడా ఉంది, అది మీవాళ్లు చదివినట్టు లేరు. రేజర్ మారుస్తారో, డబ్బులే ఇస్తారో మీ ఇష్టం, ముందు ఒక మనిషి ఈ ఉత్తరం మొత్తం చదివి ఫోన్ చేయాలి. లేదంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, తర్వాత నల్లగొండ వినియోగదారుల కమిషన్‌కి పోతాను. 5 లక్షల లోపు కేసుకు ఫీజు లేదు, నాకేమో రోజూ ఆదివారమే.

ఇట్లు,
మీ పాత ఖాతాదారు,
నల్లగొండ

తా.క.: ఫోన్ చేసేవారికి ఛార్జింగ్ సంగతి ముందే చెప్పి పంపండి.